మోగే రంగులు

కైవారం తాతయ్య తత్వాలు ఎవరైనా బాగా పాడితే తియ్యని గొంతు అంటాం. తీపి తెలిసేది నాలుకకి, పాట తెలిసేది చెవికి. అయినా ఆ మాట మనకి వింతగా తోచదు. చల్లని కబురు, బరువైన మాట కూడా అలాంటివే. నేనూ వ్యాసాల్లో ఇవే రాస్తుంటాను, అలవాటు కొద్దీ.

కొందరికి మాత్రం ఇది మాటవరస కాదు. పాట వింటే నిజంగానే రంగులు కనిపిస్తాయి. దీన్ని సినెస్థీషియా అంటారు. ఈ మాట వచ్చినప్పుడల్లా చెప్పుకునే చిత్రకారుడు వాసిలీ కాండిన్‌స్కీ.

ఆయన 1866లో మాస్కోలో పుట్టాడు, ఒడెస్సాలో పెరిగాడు. చిన్నప్పుడే పియానో, చెల్లో నేర్చుకున్నాడు. చదివింది మాత్రం న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం. మాస్కోలో ఒక ప్రదర్శనలో మోనే గీసిన గడ్డివామి బొమ్మ చూశాడు. అది గడ్డివామి అని ముందు పోల్చుకోలేకపోయాడు, కానీ ఆ రంగులు మనసులోంచి పోలేదు. బొల్షోయ్ థియేటర్‌లో వాగ్నర్ సంగీత నాటకం వింటుంటే తన రంగులన్నీ కళ్ళముందు కదిలాయని తర్వాత రాసుకున్నాడు. యూనివర్సిటీ ఉద్యోగం వస్తే వద్దనేశాడు. 1896లో, ముప్పై ఏళ్ళ వయసులో, బొమ్మలు నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్ళాడు.

పాటలో రంగు కనిపించేవాడికి బొమ్మ గీయడం ఎంతసేపు అనుకున్నాను. కాదట! చాలా ఏళ్ళు గుర్రాలు, చర్చిలు, కొండలే గీశాడు. 1911 జనవరిలో మ్యూనిక్‌లో షోన్‌బెర్గ్ కచేరీ విన్నాడు. ఆ వెంటనే గీసిన బొమ్మలో నల్లని పియానో, దాని వైపు వంగిన జనం, వాళ్ళ మీదికి పొంగివచ్చే పసుపు ఉన్నాయి. గుర్రాల నుంచి ఆ పసుపు దాకా రావడానికి పదిహేనేళ్ళు పట్టింది.

అదే ఏడాది చివర్లో వచ్చిన పుస్తకంలో ఏ రంగు ఎలా మోగుతుందో వివరంగా రాశాడు. పసుపు ట్రంపెట్. లేత నీలం ఫ్లూటు, ముదిరితే చెల్లో, ఇంకా ముదిరితే ఆర్గన్. తెలుపు ఏదో మొదలవబోయే ముందుండే నిశ్శబ్దం, నలుపు అంతా అయిపోయాక మిగిలే నిశ్శబ్దం. తన బొమ్మలకి ఇంప్రొవైజేషన్, కాంపోజిషన్ అని సంగీతం పేర్లే పెట్టుకున్నాడు.

1922లో జర్మనీలోని బౌహౌస్ బడిలో మాస్టారయ్యాడు. ఆ డిసెంబరులోనే ఆ బడి వాళ్ళ బొమ్మలతోపాటు ఆయన బొమ్మలూ మన కలకత్తా ప్రదర్శనకి వచ్చాయి. 1933లో నాజీల ఒత్తిడితో బడి మూతపడింది. 1937లో ఆయన బొమ్మల్ని భ్రష్టకళ అని ప్రదర్శనకి పెట్టి వెక్కిరించారు. అప్పటికి పారిస్ పక్కన ఉంటున్న ఆయన గీస్తూనే ఉన్నాడు. 1944లో అక్కడే పోయాడు.

ఆయనకున్న శక్తి నాకు లేదు, కొరతా లేదు. కానీ నీలం సంగీతంలా ఉంటుందని ఊరుకోకుండా, ఏ నీలం, ఏ వాయిద్యం అని తేల్చుకున్నాడు చూడండి, ఆ పట్టుదల మనకీ పనికొస్తుంది. తియ్యని గొంతు అని రాయబోయి ఈమధ్య ఆగుతున్నాను. ఏ తీపి? బెల్లం తీపి వేరు, మన చిక్కబళ్ళాపురం ద్రాక్ష తీపి వేరు. మా అవ్వ గొంతు బెల్లమే. అదైతే తేలింది.