పేరు తెచ్చింది కుంచె... దారి చూపింది పెన్సిల్!

రాజమహేంద్రవరంలో చదువుకున్నవాళ్లయితే దామెర్ల రామారావు పేరు వినే ఉంటారు. ఊళ్లో ఆయన పేరిట ఆర్ట్ గ్యాలరీ ఉంది. లోపలికి వెళ్లినవాళ్లు ముందుగా ఆగేది పెద్ద పెద్ద రంగుల చిత్రాల దగ్గరే. ‘సిద్ధార్థ రాగోదయం’ చూస్తారు, ‘పుష్పాలంకారం’ చూస్తారు, బయటికి వచ్చేస్తారు. మరి ఆయన వదిలి వెళ్లిన 28 స్కెచ్ పుస్తకాల సంగతి? కెరియర్ గురించి ఆలోచిస్తున్న మీకు అసలు పాఠం వాటిలోనే ఉంది.

డాక్టరు గారి అబ్బాయి

రామారావు 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో పుట్టారు. తండ్రి డాక్టరు. ఈ రోజుల్లో అయితే బైపీసీ తీసుకోమనే ఇల్లన్నమాట. అబ్బాయి మనసు మాత్రం బొమ్మల మీదే. అలాంటి పిల్లల్ని గుర్తుపట్టే మాస్టారు ఒకరు ఉండాలి కదా! గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే రూపంలో ఆ మాస్టారు దొరికారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఈ దొర స్వయంగా చిత్రకారుడు, రచయిత. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే.

కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు 1916లో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లారు. అక్కడి ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ ఈ కుర్రాడి పనితనం చూసి ఏకంగా మూడో ఏడాదిలో చేర్చుకున్నారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మార్కుల జాబితా చూసి ఇచ్చిన సీటు కాదది, చేతి పని చూసి ఇచ్చింది. ఇప్పుడు డిజైన్, ఫైన్ ఆర్ట్స్, యానిమేషన్ కోర్సుల్లో పోర్ట్‌ఫోలియో అంటున్నారే, ఆ రోజుల్లోనూ పనికొచ్చింది అదే.

మళ్లీ గోదావరి దగ్గరికే

చదువయ్యాక గుజరాత్ వైపు తిరిగారు. కాఠియావాడ్ మనుషుల్ని, వాళ్ల కట్టూబొట్టూను బొమ్మల్లోకి తెచ్చారు. ఆ తర్వాత ఎక్కడ స్థిరపడాలన్న ప్రశ్న వచ్చింది. బొంబాయిలో ప్రదర్శనలున్నాయి, బొమ్మలు కొనేవాళ్లున్నారు. రాజమండ్రిలో అవేమీ లేవు. అయినా ఆయన సొంత ఊరికే వచ్చేశారు. మిత్రుడు వరదా వెంకటరత్నం తోడుగా చిత్రకళ నేర్పే బడి మొదలుపెట్టారు. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, భార్య సత్యవాణి కూడా కుంచె పట్టారు. వందేళ్ల కిందట, ఆడపిల్లకు చదువే ఎక్కువనుకునే కాలంలో జరిగిన ముచ్చట ఇది!

ఊళ్లో కూర్చుంటే పేరు రాదేమోనని మీకు అనుమానం రావచ్చు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన ‘ఋష్యశృంగ బంధనం’ బహుమతి గెలుచుకుంది. గోదావరి ప్రకృతి చిత్రానికి అప్పటి వైస్రాయ్ లార్డ్ రీడింగ్ అంతటివాడు ముచ్చటపడ్డాడు. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ ఎంపైర్ ఎగ్జిబిషన్‌కూ ఆయన చిత్రాలు వెళ్లాయి.

లెక్క చూడండి

గ్యాలరీలో ఆయనవి 34 ఆయిల్ పెయింటింగులు, 129 నీటిరంగుల చిత్రాలు, 250 పెన్సిల్ స్కెచ్‌లు, 28 స్కెచ్ పుస్తకాలు ఉన్నాయి. అంటే మనకు తెలిసిన పేరున్న చిత్రాలకంటే, తెలియని పెన్సిల్ పనే ఎక్కువ. స్కెచ్ పుస్తకం ప్రదర్శనకు పోదు, బహుమతీ రాదు. కానీ మనిషి భుజం ఎటు వంగింది, బరువు ఏ కాలి మీద ఉంది, చీర మడత ఎక్కడ విరిగింది అన్నది చేతికి పట్టుబడేది అక్కడే. రంగులేసేటప్పుడు తప్పుపోతే ఖర్చు, కాగితం మీద తప్పుపోతే పేజీ తిప్పడమే.

పేరున్నవాళ్ల పేరులేని పనికి ఎంత విలువుంటుందో చెప్పడానికి అమెరికా నుంచి ఒక ఉదాహరణ. ఆన్సెల్ ఆడమ్స్ అంటే యోసెమిటీ కొండలు, లోయల ఫొటోలే గుర్తొస్తాయి. ఆయనే రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో ఫార్చ్యూన్ పత్రిక కోసం లాస్ ఏంజెలెస్ నగరాన్ని ఫొటోలు తీశారు. కార్లు, దుకాణాలు, విమాన కర్మాగారం కార్మికులు, ట్రైలర్ ఇళ్లలో కాపురాలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ పని ఆయనకే పెద్దగా నచ్చలేదు. 1960ల్లో 200కు పైగా నెగటివ్‌లను ఆ ఊరి పబ్లిక్ లైబ్రరీకి ఇచ్చేశారు. ఇవాళ ఆ నగరం అప్పట్లో ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే వాటినే వెతుకుతున్నారు.

ఇరవై ఎనిమిదో పుట్టినరోజు రాకుండానే

1925 ఫిబ్రవరి 6న మశూచి రామారావును పొట్టన పెట్టుకుంది. ఇంకో నెల గడిస్తే 28 ఏళ్లు నిండేవి. బొంబాయి నుంచి వచ్చాక ఆయనకు దొరికింది నాలుగైదేళ్లే. ఆ మశూచి మన దేశంలో చివరిసారి కనిపించింది 1975లో.

గురువు పోతే బడి మూతపడటం మామూలే. ఇక్కడ అలా జరగలేదు. వరదా వెంకటరత్నం బడిని నడిపించారు. ఇంటివాళ్లు, మిత్రులు ఆయన చిత్రాలను, స్కెచ్‌లను కాపాడారు. చిత్తుకాగితాల్లో కలిసిపోవాల్సిన పుస్తకాలు వందేళ్ల తర్వాతా ఉన్నాయంటే వాళ్ల చలవే.

మీరేం చేయొచ్చు?

ఈసారి గ్యాలరీకి వెళ్తే పెన్సిల్ పని దగ్గర ఓ పావుగంట ఎక్కువసేపు ఆగండి. తర్వాత ఓ చవక నోటుపుస్తకం కొనుక్కోండి. పుష్కర ఘాట్ మెట్ల మీదో, కోటిపల్లి బస్టాండ్‌లోనో, దేవీచౌక్ దగ్గరో కూర్చుని రోజుకు ఒక మనిషినైనా గీయండి. బొమ్మలు రావంటారా? ఫోన్‌తో ఫొటో తీయండి, తేదీ, చోటు రాసి పెట్టుకోండి. రచన మీ దారైతే నాలుగు వాక్యాలు రాయండి. బాగాలేదని చింపేయకండి. మీరు పోర్ట్‌ఫోలియో పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లే రోజున ఏడాది పాటు నిండిన ఆ పుస్తకాన్నీ బ్యాగులో పెట్టుకోండి.