జాన్ బాయిడ్ డన్లప్ జీవితము

మా సనత్‌నగరమున 1942 వ సంవత్సరమున వెలసిన ఆల్విన్ కార్ఖానా పేరు పెద్దలందఱు నెఱుగుదురు. పూర్వ మందు పుష్పక్ అను స్కూటర్లు తయారయ్యెడివి. అట్టి బండి గతుకుల బాటపై పోవునపుడు ఎక్కినవాని నడుము విఱుగకుండ కాపాడునది యేది? ఉక్కు స్ప్రింగులు కొంత, చక్రములోని గాలి కొంత. ఆ గాలిని లోకమునకు వాడుక చేసిన యొక పశువైద్యుని చరిత్రమును మా బాలబాలికల కొఱకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

డన్లప్ 1840 వ సంవత్సరము ఫిబ్రవరి 5 వ తేదీన స్కాట్లండులోని డ్రెగ్‌హార్న్ గ్రామమున ఒక సేద్యగాని యింట జన్మించెను. ఎడింబరోలో పశువైద్యము నభ్యసించి, ఐర్లండునకు పోయి, బెల్‌ఫాస్టు నగరమున స్థిరపడి, ఆ వృత్తిలో మంచి పేరు గడించెను.

ఆయన కుమారుడు జానీకి మూడు చక్రముల సైకి లొకటి కలదు. దాని చక్రములకు గట్టి రబ్బరు కట్టబడి యుండుటచే, రాళ్లు పఱచిన వీథులలో బాలుడు మిక్కిలి కుదుపులకు లోనగుచుండెను. పిల్లవాని బాధను తండ్రి తేలికగా నెంచలేదు. 1887 లో పలుచని రబ్బరు రేకుతో గొట్టము చేసి, గుడ్డతో కప్పి, కొయ్య చక్రమునకు బిగించి, గాలి నింపెను. దానిని, సైకిలు చక్రమును పెరటిలో దొర్లించి చూడగా, సైకిలు చక్రము నడుమనే పడిపోయెను; గాలి చక్రము పెరటి కొసవఱకు పోయెను. 1888 ఫిబ్రవరి 28 వ తేదీ రాత్రి జానీ క్రొత్త చక్రములపై తొలిసారి స్వారి చేసెను. ఆ యేడే డన్లప్ పేటెంటు హక్కును పొందెను.

1889 లో విల్లీ హ్యూమ్ అను యువకుడు ఈ టైర్లతో బెల్‌ఫాస్టు పందెములలో గెలువగా, నవ్విన నోళ్లు మూతపడెను. హార్వే డ్యూక్రో అను వర్తకుడు ముందునకు వచ్చి కంపెనీ స్థాపించెను.

అంతలో నొక పిడుగు పడెను. రాబర్ట్ విలియమ్ థామ్సన్ అను మఱియొక స్కాట్లండువాడు 1845 లోనే గాలి చక్రమునకు పేటెంటు పొంది యుండెనని తెలియవచ్చెను. నాడు సైకిళ్ల వాడుక లేకపోవుటచే ఆ పని మఱుగున పడినది. థామ్సన్ 1873 లోనే మరణించెను. డన్లప్ ఆ సంగతి నెఱుగక, తన స్వబుద్ధితోనే చేసినను, ఆయన పేటెంటు చెల్లకపోయెను. ఆయన పేరు మోసిన కంపెనీ దేశదేశముల వ్యాపించెను గాని, ఆ సంపదలో ఆయనకు దక్కినది స్వల్పము. 1921 అక్టోబరు 23 వ తేదీన డబ్లిన్ నగరమున ఆయన పరమపదించెను.

ఆయన నమ్మిన సూత్రము మాత్రము నిలిచినది. తొలినాటి మోటారు సైకిళ్లలో పెక్కింటికి వెనుక స్ప్రింగు లుండెడివి కావు. టైరులోని గాలియు, ఆసనపు స్ప్రింగులును మాత్రమే దిక్కు. పిదప 1980 ప్రాంతమున హోండా గోల్డ్ వింగ్ మొదలగు బండ్ల ముందరి ఫోర్కు గొట్టములలో స్ప్రింగునకు తోడుగా గాలిని నింపిరి. గాలి యెంత నొక్కబడిన నంత బిగియును. కావున చిన్న గతుకునకు మెత్తగాను, పెద్ద గోతికి గట్టిగాను ఎదురు నిలుచును. బరువు హెచ్చినపుడు కొంచెము గాలి చేర్చిన చాలును. ఆ గొట్టములలో చోటు స్వల్పము గనుక చేతి పంపుతోనే మెల్లగా కొట్టవలెను. పెట్రోలు బంకు యంత్రముతో కొట్టినచో ఒత్తిడి క్షణములో మితిమీఱి, చమురు నాపు సీళ్లు చెడును.

విద్యార్థులారా! మొదటివా డెవడను వాదములో డన్లప్ ఓడిపోయెను. థామ్సన్‌కు చెందవలసిన గౌరవమును మనము థామ్సన్‌కే యీయవలెను. అయినను, తన యింటి బిడ్డ బాధను కనిపెట్టి పనికి పూనిన తండ్రి వలన కోట్లకొలది జనులకు ప్రయాణము సుఖమైనది. ఈ మాఱు సైకిలునకు గాలి కొట్టునపుడు ఆ యిరువురిని తలపుడని కోరుచున్నాము.