ఆర్థికశాస్త్రం మాస్టారు అంబేద్కర్

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శి గారు కోరగానే, ముప్పై ఏళ్ళు ఆర్థికశాస్త్రం బోధించి రిటైరైన నాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారే గుర్తుకొచ్చారు. రాజ్యాంగ నిర్మాతగా ఆయనను ఎరుగనివారు లేరు. కానీ ఆయన నల్లబల్ల ముందు నిలబడి ఆర్థికశాస్త్రం చెప్పిన మాస్టారు కూడా అని తెలిసినవారు తక్కువ.

1891 ఏప్రిల్ 14న జన్మించిన అంబేద్కర్, 1913లో బరోడా మహారాజా స్కాలర్‌షిప్పుతో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. సెలిగ్మన్ వంటి ఆచార్యుల వద్ద ఆర్థికశాస్త్రం చదివి, 1916లో లండన్ వెళ్ళారు. స్కాలర్‌షిప్పు గడువు తీరిపోవడంతో 1917లో చదువు మధ్యలోనే ఆపి తిరిగి రావలసి వచ్చింది.

1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆయనకు ప్రొఫెసరు ఉద్యోగం దొరికింది. అప్పటికి ఆయన వయసు 27. మొదట్లో విద్యార్థులు ఆయనను లెక్కచేయలేదు. అంటరానివాడన్న ముద్ర ఆయన కంటే ముందే తరగతిలోకి నడిచి వచ్చింది. అయితే ఆయన లోతైన చదువు, ఓపికగా విడమరచి చెప్పే తీరు కొద్దికాలంలోనే ఆ చులకనను పోగొట్టాయి. ఇతర కళాశాలల విద్యార్థులు సైతం అనుమతి తీసుకుని వచ్చి ఆయన పాఠం వినేవారు.

అదే కళాశాల స్టాఫ్ రూములో, అందరూ తాగే కుండలోని నీళ్ళు ఆయన తాగడానికి వీల్లేదని కొందరు తోటి ఆచార్యులు అభ్యంతరపెట్టారు. పిల్లలు నేర్చిన మర్యాద పెద్దలకు అబ్బలేదు.

1920లో ఆ ఉద్యోగం వదిలి, జీతంలో దాచుకున్న సొమ్ముకు కొల్హాపూర్ మహారాజా సాయం, మిత్రుడిచ్చిన అప్పు జతచేసుకుని ఆయన మళ్ళీ లండన్ వెళ్ళారు. 1923లో డి.ఎస్సీ. పట్టా పొందారు. రూపాయి సమస్యపై ఆయన పుస్తకం ఆ ఏడే వెలువడింది. రూపాయి కొనుగోలు శక్తి నిలకడగా ఉండాలనీ, అది పడిపోతే నష్టపోయేది కూలి మీద, జీతం మీద బతికేవారేననీ ఆయన వాదం. డి.ఏ. కోసం ఎదురుచూసే మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

నేనూ ఈ పాఠం చెప్పాను. తొలి రోజుల్లో తప్పు జవాబు చెప్పిన కుర్రవాణ్ణి ఒరేయ్ అని గదమాయించి కూర్చోబెట్టేవాణ్ణి. ఆయన జీవితచరిత్ర చదివాక సిగ్గేసి, విద్యార్థులందరినీ మీరు అనడం మొదలుపెట్టాను. ధరలు పెరిగితే ఎవరికి లాభమని ఒకరోజు అడిగాను. పత్తి రైతు కొడుకు లేచి తమకు మేలేనన్నాడు. ఏనాడూ నోరు విప్పని కూలివారి అమ్మాయి వెనక బెంచీ నుంచి లేచి, బియ్యం ధర పెరిగిన ఏడు తమ ఇంట్లో ఒక పూట వంట మానేసిన సంగతి చెప్పింది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు విన్నారు. ఆ రోజు నేను చెప్పవలసింది ఇంకేమీ మిగల్లేదు.

తరగతిలో నేర్చుకున్నది స్టాఫ్ రూములో ఆచరించలేకపోయాను. నేను పనిచేసిన ఒక కళాశాలలో కొత్తగా చేరిన సహోద్యోగి ఒకరు రోజూ ఇంటి నుంచి సీసాతో నీళ్ళు తెచ్చుకునేవారు. ఎందుకో మాకందరికీ తెలుసు. ఎవరమూ అడగలేదు. కుండలోంచి ఒక గ్లాసు నీళ్ళు ముంచి ఆయన చేతికివ్వడానికి నాకు అడ్డమేమీ లేదు, ధైర్యం తప్ప.

1953లో మన ఉస్మానియా విశ్వవిద్యాలయం అంబేద్కర్ గారికి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1956 డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు.

ఆనాటి నా సహోద్యోగి మన సంఘం సభ్యులే. ఈ సంచిక ఆయన ఇంటికీ వెళుతుంది. ఆలస్యమైనా ఈ మాట అచ్చులోనే చెబుతున్నాను: అయ్యా, నన్ను మన్నించండి. ఈసారి సమావేశానికి వచ్చినప్పుడు మంచినీళ్ళు నేనే అందిస్తాను.