రెండు చుక్కల వెనుక ఒక మనిషి: ఆల్బర్ట్ సేబిన్



మీ బాబునో పాపనో ఎత్తుకుని పల్స్ పోలియో ఆదివారం బూత్‌కు వెళ్లిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. నోట్లో రెండు చుక్కలు వేసి, ఎడమ చిటికెన వేలికి ఇంకు గుర్తు పెట్టి పంపిస్తారు. ఎవరూ డబ్బు అడగరు. ఆ చుక్కలు మన వీధి దాకా ఎలా వచ్చాయో తెలియాలంటే ఆల్బర్ట్ సేబిన్ గురించి తెలుసుకోవాలి.

సేబిన్ 1906లో బియాలిస్టాక్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఇప్పుడు పోలాండ్‌లో ఉన్న ఆ ఊరు అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉండేది. 1921లో వాళ్ల కుటుంబం అమెరికాకు వలస వెళ్లింది. దంతవైద్యుడైన ఒక బంధువు, తనలాగే డెంటిస్టు అవుతాడని ఆయన చదువుకు డబ్బు కట్టారు. కానీ సేబిన్ మనసు సూక్ష్మజీవుల మీదికి మళ్లింది. కోర్సు మారగానే డబ్బు ఆగిపోయింది. పనులు చేసుకుంటూ, స్కాలర్‌షిప్పులతో చదివి 1931లో డాక్టర్ అయ్యారు.

1955లో జోనాస్ సాల్క్ తయారు చేసిన పోలియో ఇంజెక్షన్ అమెరికాలో వచ్చింది. అది మంచి టీకానే. కానీ దానికి సిరంజి కావాలి, శిక్షణ పొందిన చెయ్యి కావాలి. పోలియో వైరస్ పేగుల్లో పెరుగుతుందని గుర్తించిన సేబిన్, బలహీనపరిచిన వైరస్‌ను నోటి ద్వారానే ఇవ్వాలనుకున్నారు. ముందు తన మీద, తన ఇంట్లో వాళ్ల మీద, ఒప్పుకున్న జైలు ఖైదీల మీద పరీక్షించారు. ఖైదీల మీద అలాంటి ప్రయోగాలను ఈ రోజు మనం సమర్థించం. అది కూడా ఈ కథలో భాగమే.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. అమెరికాలో లక్షల మంది పిల్లలకు అప్పటికే సాల్క్ టీకా అందింది. పెద్ద ఎత్తున కొత్త టీకాను పరీక్షించే వీలు అక్కడ లేదు. పోలియో పెరుగుతున్న సోవియట్ యూనియన్‌లో ఆ అవసరం ఉంది. కానీ అది ప్రచ్ఛన్న యుద్ధ కాలం. రెండు దేశాలూ ఒకదాని మీద ఒకటి అణుబాంబులు గురిపెట్టుకుని ఉన్నాయి. అయినా 1956లో సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ చుమకోవ్ బృందం అమెరికా వచ్చింది, సేబిన్ రష్యా వెళ్లారు. ప్రభుత్వాల అనుమతితో తన వైరస్ రకాలను వాళ్లకు ఇచ్చేశారు. చుమకోవ్ దంపతులు టీకాను ముందు తమ సొంత పిల్లలకు వేశారు. 1959లో అక్కడ కోటి మందికి పైగా, 1960లో ఏడు కోట్ల మందికి పైగా ఆ టీకా తీసుకున్నారు. పిల్లలకు మిఠాయి రూపంలో కూడా ఇచ్చారు.

1960లో జపాన్‌లో 5 వేలకు పైగా పోలియో కేసులు వచ్చాయి. టీకా తెప్పించమని తల్లులు ప్రభుత్వాన్ని నిలదీశారు. 1961లో సోవియట్ యూనియన్, కెనడాల నుంచి 1.3 కోట్ల డోసులు వచ్చాయి.

సేబిన్ తన టీకాకు పేటెంట్ తీసుకోలేదు. 1972లో వైరస్ రకాలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు అప్పగించారు. 1993లో కన్నుమూశారు. రెండేళ్లకు మన దేశంలో పల్స్ పోలియో మొదలైంది. 2011 జనవరి తర్వాత ఇక్కడ సహజ పోలియో కేసు రాలేదు. 2014లో మనకు పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది.

ఈ చుక్కలకూ ఒక లోపం ఉంది. చాలా అరుదుగా అందులోని వైరస్ మళ్లీ బలం పుంజుకుంటుంది. 2016లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో అలాంటి వైరస్ దొరికింది. వెంటనే హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల పిల్లలకు ప్రత్యేకంగా ఇంజెక్షన్లు వేశారు. అంటే సాల్క్ సూదీ కావాలి, సేబిన్ చుక్కా కావాలి.

కోవిడ్ రోజుల్లో ధనిక దేశాలు ముందే డోసులు కొనేసుకుంటే పేద దేశాలు నెలల తరబడి ఎదురుచూశాయి. పేటెంట్లు తాత్కాలికంగా పక్కన పెట్టాలని 2020లో భారత్, దక్షిణాఫ్రికా కోరాయి. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాలు మహమ్మారుల ఒప్పందాన్ని ఆమోదించాయి. అది కాగితం మీదే ఆగిపోతుందా, మన పిల్లల కాలానికి పనికొస్తుందా అన్నది దేశాల చేతిలో ఉంది.

ఈ నెల ఒక సాయంత్రం మీ పిల్లలకు సేబిన్ గురించి చెప్పండి. క్లాసులో ఫస్ట్ ర్యాంక్ ఎలా తెచ్చుకోవాలో మేము, మీరు రోజూ చెబుతూనే ఉన్నాం. తెచ్చుకున్న తెలివిని ఎవరితో పంచుకోవాలో కూడా ఒకసారి మాట్లాడదాం.