హరమైన్‌ను మొదటిసారి కెమెరాలో చూపిన ముహమ్మద్ సాదిఖ్ పాషా

మన ఇళ్లలో గోడమీద ఒక పటం తప్పక కనిపిస్తుంది. ఒకవైపు నల్లని వస్త్రం కప్పిన కాబాగృహం, మరోవైపు మస్జిదె నబవీ పచ్చని గుమ్మటం. పొద్దున్నే లేచి ఆ పటం వంక చూసే పెద్దలు, ఒక్కసారైనా ఆ నేలమీద అడుగుపెట్టాలని దువా చేసుకుంటారు. ఈ రోజుల్లో హజ్‌కు వెళ్లిన ప్రతి ఒక్కరి జేబులోనూ కెమెరా ఉన్న ఫోను ఉంటోంది. హరమ్ నుంచి తీసిన ఫొటో క్షణాల్లో ఇంటికి చేరిపోతోంది. మరి ఆ పవిత్ర స్థలాలను మొట్టమొదట ఫొటో తీసినవారు ఎవరు? ఎలా తీశారు? ఎంత శ్రమపడ్డారు?

ఆయన పేరు ముహమ్మద్ సాదిఖ్. ఈజిప్టు సైన్యంలో ఇంజనీరు. మొదట సాదిఖ్ బేగా, తర్వాత సాదిఖ్ పాషాగా చరిత్రకెక్కారు.

19వ శతాబ్దం తొలి సగంలో కైరో నగరంలో ఆయన జన్మించారు. ముహమ్మద్ అలీ పాషా పాలన మొదలైనప్పటి నుంచి ఈజిప్టు కొత్త విద్యలవైపు అడుగులు వేస్తున్న కాలమది. తెలివైన యువకులను ప్రభుత్వం తన ఖర్చుతో పారిస్‌కు పంపి, ఇంజనీరింగు, వైద్యం, యుద్ధవిద్య నేర్పించేది. సాదిఖ్ కూడా కైరోలో సైనిక విద్య నేర్చుకుని, పైచదువు పారిస్‌లో చదివారు. భూమిని కొలవడం, పటాలు గీయడం ఆయన వృత్తి. ఫొటోగ్రఫీ అప్పుడప్పుడే లోకానికి పరిచయమవుతున్న విద్య. కొలతలు వేసే చేతికి, ఉన్నది ఉన్నట్టు చూపించే ఈ పెట్టె ఎంతగానో నచ్చింది.

చీకటి గది కథ

నిజానికి ఈ విద్యకు మూలం కైరోకు కొత్తది కాదు. బస్రాలో పుట్టి, కైరోలో జీవించి, సుమారు 1040లో కన్నుమూసిన ఇబ్నుల్ హైసమ్ కాంతి మీద గొప్ప పరిశోధన చేశారు. కంటినుంచి కిరణాలు బయటికి వెళ్లడం వల్ల మనం చూడడం లేదని, వస్తువుల నుంచి వచ్చే వెలుగు కంటిలోకి చేరడం వల్లే చూస్తున్నామని కితాబుల్ మనాజిర్ గ్రంథంలో నిరూపించారు. చిన్న రంధ్రం గుండా చీకటి గదిలోకి వచ్చే వెలుగు గ్రహణ సమయంలో సూర్యుడి ఆకారాన్ని ఎలా చూపుతుందో కూడా వివరించారు. ఆ చీకటి గదిని చిన్నది చేసి, రంధ్రం దగ్గర అద్దపు లెన్స్ బిగించి, ఎదుటి గోడ స్థానంలో గరుకు గాజుపలక పెడితే అదే పెద్ద కెమెరా. మన ఊళ్లలో పాత ఫొటో స్టూడియోలవాళ్లు నల్లగుడ్డ కప్పుకుని తీసిన స్టాండు కెమెరా కూడా అదే జాతిది.

1861లో, అంటే హిజ్రీ 1277లో, సాదిఖ్‌కు ఒక ముఖ్యమైన బాధ్యత అప్పగించారు. ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న వజ్హ్ రేవు నుంచి మదీనా వరకు ఉన్న దారిని కొలవాలి. బావులు ఎక్కడున్నాయి, మజిలీలు ఎంతెంత దూరం, నేల ఎలాంటిది అన్నీ రాసుకోవాలి. ఆయన కొలిచే పరికరాలతోపాటు కెమెరాను కూడా వెంట తీసుకెళ్లారు. ఈ నిర్ణయమే ఆయనకు చరిత్రలో స్థానం సంపాదించిపెట్టింది.

తడి గాజుపలకపై వెలుగు

అప్పటికి ఫిల్ము లేదు. 1851లో ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన కొలోడియన్ పద్ధతి వాడుకలో ఉంది. సాదిఖ్ ఉపయోగించింది ఈ పద్ధతినే. దానిలో కష్టం ఎంతో తెలిస్తేనే ఆయన చేసిన పని విలువ అర్థమవుతుంది.

ముందుగా గాజుపలకను మచ్చలేకుండా తుడవాలి. దానిమీద ఈథర్, ఆల్కహాల్‌లో కరిగించిన జిగట ద్రవం పోసి, పలకను నాలుగు మూలలకూ వంచుతూ సమంగా పరచాలి. తర్వాత చీకట్లో దాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. అప్పుడే అది వెలుగును గుర్తించే శక్తి పొందుతుంది. ఆ పలకను తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి ఫొటో తీసి, తడిగా ఉండగానే మందులతో కడిగి బొమ్మను తేల్చాలి. ఇదంతా పది పదిహేను నిమిషాల్లో పూర్తికావాలి. పలక ఆరిపోతే అంతా వృథా. ఈథర్ 35 డిగ్రీల సెల్సియస్ వేడికే మరిగిపోతుంది. అరేబియా ఎండలో పలక ఎంత త్వరగా ఆరిపోతుందో ఊహించుకోవచ్చు. పైగా గాలిలో ఇసుక. ఒక్క రేణువు అంటుకున్నా బొమ్మమీద చుక్క పడుతుంది. కడగడానికి శుభ్రమైన నీరు కావాలి. తాగడానికే నీళ్లు చూసిచూసి వాడుకునే దారి అది.

కాబట్టి ఈ పద్ధతిలో ఫొటో తీసేవారు కెమెరాతోపాటు గాజుపలకలు, మందుసీసాలు, తొట్టెలు, చీకటి గుడారం అన్నీ వెంట మోసుకెళ్లాల్సిందే. కెమెరా పెద్దదిగా ఉండడానికి కూడా కారణముంది. అప్పట్లో చిన్న నెగెటివ్‌ను పెద్దది చేసుకునే సౌకర్యం సులభంగా లేదు. గుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని నెగెటివ్ పలకకు ఆనించి ఎండలో పెట్టి ప్రింటు తీసేవారు. పలక ఎంత ఉంటే బొమ్మ అంతే వచ్చేది. పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద పలక, పెద్ద పలక కావాలంటే పెద్ద పెట్టె తప్పదు.

మదీనా చేరిన సాదిఖ్ ఆయుధాగారం పైనుంచి నగర దృశ్యాన్ని, మస్జిద్ మినార్లను ఫొటో తీశారు. నగరం బయటి మనాఖా మైదానం కూడా కొంత వచ్చేలా చోటు ఎంచుకున్నారు. పవిత్ర గుమ్మటాన్ని మస్జిద్ లోపలి నుంచి తీశారు. తనకు ముందు ఎవరూ ఇలాంటి చిత్రాలు తీయలేదని తన రచనలో సంతృప్తితో రాసుకున్నారు. అది గొప్పలు చెప్పుకోవడం కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) విశ్రమిస్తున్న నగరానికి అవే తొలి ఫొటోలు.

లెన్స్ ఎంపికలో నేర్పు

మినార్‌ను ఫొటో తీయడం తేలిక కాదు. కెమెరాను పైకి ఎత్తితే మినార్ వెనక్కి వాలినట్టు వస్తుంది. అందుకే పెద్ద కెమెరాలో ఒక ఏర్పాటు ఉంటుంది. పెట్టెను మట్టంగా ఉంచి, లెన్స్ బిగించిన ముందు పలకను మాత్రమే కాస్త పైకి జరుపుతారు. మినార్ నిటారుగా నిలుస్తుంది. గరుకు గాజుమీద బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. నల్లగుడ్డ కప్పుకుని ఆ తలకిందుల లోకాన్ని చూస్తూ, బెల్లోస్‌ను ముందుకూ వెనక్కూ జరిపి బొమ్మను స్పష్టం చేసుకోవాలి.

లెన్స్ విషయానికొస్తే, అన్ని పనులకూ ఒకటే సరిపోదు. దృశ్యాలు తీయడానికి సాదా లెన్స్ ఉండేది. దానికి చిన్న రంధ్రం బిగిస్తే బొమ్మ అంచులదాకా స్పష్టంగా వచ్చేది కానీ వెలుగు తక్కువ చేరేది. ఎక్కువసేపు మూత తీసి ఉంచాల్సివచ్చేది. మనుషుల ముఖాలు తీయడానికి 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ రూపొందించిన లెన్స్ మేలైనది. అది వెలుగును ధారాళంగా తీసుకునేది. కానీ బొమ్మ నడుమ స్పష్టంగా ఉండి, అంచులు మసకబారేవి. కట్టడాల గీతలు వంగకుండా తిన్నగా వచ్చే జోడు లెన్స్‌లు 1866లో ఇంగ్లండులోనూ జర్మనీలోనూ తయారయ్యాయి. అంటే సాదిఖ్ తొలిసారి మదీనా వెళ్లిన నాటికి అవి లేవు.

రెండోసారి 1880లో, హిజ్రీ 1297లో, ఆయన హజ్‌కు బయలుదేరారు. ఏటా ఈజిప్టు నుంచి కాబాగృహానికి కిస్వా వస్త్రంతో మహ్మల్ ఊరేగింపు వెళ్లేది. ఆ బిడారానికి ఆయన కోశాధికారిగా నియమితులయ్యారు. హరమైన్‌లో పంచాల్సిన ధనం ఆయన చేతిలో ఉండేది. లెక్కలు, పంపకాలు, బిడారం భద్రత అన్నీ చూసుకుంటూనే ఆయన కెమెరా తెరిచారు. ఆ యాత్రలో కాబాగృహాన్ని, దాని చుట్టూ ఉన్న హరమ్ ప్రాంగణాన్ని, మక్కా నగరాన్ని ఫొటోలు తీశారు. కాబా తాళంచెవుల సంరక్షకులు షేఖ్ ఉమర్ షైబీ చిత్రం కూడా తీశారు. మక్కా నగరానికి లభించిన తొలి ఫొటోలు ఇవే.

అయితే ఇక్కడ కష్టం మందులది, ఎండది మాత్రమే కాదు. బొమ్మలు గీయడం మీద ధార్మిక పండితుల అభ్యంతరాలు అందరికీ తెలిసినవే. ఇబాదత్‌లో లీనమైన యాత్రికుల మధ్య మూడుకాళ్ల స్టాండు నిలబెట్టడం చాలామందికి నచ్చే విషయం కాదు. ఫొటోగ్రఫీ చేత్తో గీసిన బొమ్మతో సమానమా, లేక అద్దంలో కనిపించే నీడను నిలిపి ఉంచడమేనా అన్న చర్చ ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ ముతీఈ ఫొటోగ్రఫీ సమ్మతమేనని వాదిస్తూ ప్రత్యేకంగా పుస్తకమే రాశారు. నేటికీ దీనిపై అభిప్రాయభేదాలున్నాయి. సాదిఖ్ మాత్రం సైనికుడు, ఇంజనీరు, హాజీ. ఈ మూడు బాధ్యతలూ ఒకదానికొకటి అడ్డురాకుండా నడుచుకున్నారు. ఆయన ఫొటోల్లో ప్రధానంగా నిలిచింది స్థలమే.

1881లో ఇటలీలోని వెనిస్ నగరంలో అంతర్జాతీయ భూగోళశాస్త్ర సభ జరిగింది. అక్కడి ప్రదర్శనలో ఆయన ఫొటోలకు బంగారు పతకం లభించింది. అదే ఏడు తన యాత్రను మష్అలుల్ మహ్మల్ అనే పుస్తకంగా వెలువరించారు. 1880ల మధ్యలో మహ్మల్‌తో మరోసారి వెళ్లివచ్చి కౌకబుల్ హజ్ రాశారు. 1896లో హాజీలకు మార్గదర్శిగా దలీలుల్ హజ్ ప్రచురించారు. హజ్‌కు వెళ్లేవారు దారి తప్పకూడదు, మోసపోకూడదు, వెళ్లలేనివారు కనీసం కళ్లారా చూడాలి. ఆయన జీవితకాల కృషికి ఇదే సారాంశం. 1902లో సాదిఖ్ పాషా పరలోకగతులయ్యారు.

ఆయన తర్వాత మక్కాకే చెందిన సయ్యద్ అబ్దుల్ గఫార్ అనే వైద్యుడు 1880ల చివరలో అక్కడ ఫొటోలు తీశారు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఢిల్లీకి చెందిన హెచ్.ఎ. మీర్జా అండ్ సన్స్ వారు హరమైన్ చిత్రాలను భారతీయులకు అందించారు. సాదిఖ్ మక్కా ఫొటోలు తీసిన కొద్ది ఏళ్లకే మన హైదరాబాదులో లాలా దీన్‌దయాళ్ ఇలాంటి పెద్ద కెమెరాతోనే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానాన్ని చిత్రించారు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చి గౌరవించారు.

నేర్చుకునేవారికి పాఠం

ఈ డిజిటల్ కాలంలో కూడా పెద్ద కెమెరాపై మక్కువ పెంచుకుంటున్న యువకులున్నారు. ఇప్పుడు తడి పలకల బాధ లేదు. 4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల పొడవు ఉన్న విడి ఫిల్ము రేకులు దొరుకుతాయి. ఒక హోల్డరులో ఇటొకటి, అటొకటి రెండు రేకులు పెట్టుకోవచ్చు. మొదలుపెట్టేవారు నాలుగు లెన్స్‌లు కొనడం అనవసరం. ఈ కొలతకు 150 మిల్లీమీటర్ల లెన్స్ ఒక్కటి చాలు. అది మన కంటి చూపుకు దగ్గరగా ఉంటుంది. ఇరుకు చోట కట్టడం మొత్తం రావాలంటే 90, ముఖాలకైతే 210 తర్వాత సమకూర్చుకోవచ్చు. కొనేముందు ఆ లెన్స్ వేసే వెలుగు వలయం ఫిల్ము మూలలదాకా చేరి, కాస్త మిగులుతుందో లేదో చూసుకోవాలి. మిగలకపోతే ముందు పలకను జరిపినప్పుడు మూలలు నల్లబడతాయి.

గట్టి స్టాండు, నల్లగుడ్డ, గాజుమీద బొమ్మను పరిశీలించడానికి చిన్న భూతద్దం, వెలుగు కొలిచే మీటరు ఉంటే పని మొదలవుతుంది. ఆపై కావాల్సింది ఓపిక. స్టాండు నిలిపి, మట్టం చూసి, బొమ్మ సరిచేసుకుని, లెన్స్ మూసి, హోల్డరు పెట్టి, దాని రేకు తీసి, అప్పుడు మాత్రమే మీట నొక్కాలి. ఈ వరుసలో ఒక్కటి తప్పినా ఫిల్ము పాడవుతుంది. ప్రతి తప్పుకూ మూల్యం ఉన్నచోట మనిషి ముందు చూడడం నేర్చుకుంటాడు.

సాదిఖ్ పాషా ఫొటోల్లో కనిపించే మక్కా, మదీనాలు ఈ రోజు లేవు. హరమ్ పలుమార్లు విస్తరించింది. పాత ఇళ్లు, సందులు, కొండవాలు కట్టడాలు కనుమరుగయ్యాయి. లక్షలాది యాత్రికులకు చోటు కావాలంటే విస్తరణ తప్పదు. కానీ మన ముత్తాతలు ఓడల్లో, ఒంటెలమీద నెలల తరబడి ప్రయాణించి చేరిన ఆ నగరం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే, ఆ గాజుపలకలమీద నిలిచిన వెలుగే మనకు ఆధారం.

నేడు హరమ్‌లో అడుగుపెట్టగానే ఫోను పైకెత్తేవారు ఎందరో. వందల ఫొటోలు తీసి, ఒక్కటైనా మళ్లీ చూడనివారూ ఎందరో. తవాఫ్ చేస్తూ తెరమీద తమ ముఖం చూసుకునేవారు కూడా లేకపోలేదు. సాదిఖ్ పాషా ఒక్కో ఫొటోకు ముందు ఎంతోసేపు ఆ స్థలాన్నే చూశారు. తన ముఖాన్ని కాదు, దైవగృహాన్ని తోటివారికి చూపించాలనుకున్నారు. ఈసారి గోడమీది ఆ పటం వైపు చూసినప్పుడు, దాన్ని మన ఇంటిదాకా చేర్చిన తొలి మనిషి శ్రమను కూడా ఒకసారి తలచుకుందాం. ఆయనకు అల్లాహ్ మన్నింపు ప్రసాదించాలని ప్రార్థిద్దాం.