నాలుగవ హెన్రీ మహారాజు

రాజు మతమొకటియు, ప్రజల మతము వేఱొకటియు నైనపుడు ఆ ప్రజలు రాజభక్తులు కాఁగలరా? పదునాఱవ శతాబ్దమున ఐరోపాఖండమందలి పెక్కు రాజ్యములలో కాఁజాలరనియే తలంచుచుండిరి. రాజు కొలుచు తెఱఁగున దేవుని కొలువనివాఁడు ద్రోహి యనుట యానాఁటి న్యాయము. ఈ న్యాయమును త్రోసిపుచ్చఁజూచినవాఁడు, మన పెద్దలు పరాసుదేశమని పిలిచిన ఫ్రాన్సునకు రాజైన నాలుగవ హెన్రీ.

ఇతఁడు 1553వ సంవత్సరము డిసెంబరు 13వ తేదీన పో నగరమున జన్మించెను. తల్లి జాన్ దాల్బ్రే నవారు రాజ్యమునకు రాణి, ప్రొటెస్టంటు మతమున దృఢవ్రత. కుమారుని నా మతముననే పెంచెను. ఫ్రాన్సున అధికసంఖ్యాకులు రోమను కథోలికులు. ఉభయులకును 1562 మొదలు యుద్ధములు సాగుచుండెను. సంధి కుదురునని తలంచి ఫ్రాన్సు రాజగు తొమ్మిదవ చార్లెసు తన చెల్లెలు మార్గరీతును 1572 ఆగస్టు 18న పారిసునందు హెన్రీకిచ్చి వివాహము చేసెను. వేడుకలు ముగిసీ ముగియకమునుపే, పెండ్లికి వచ్చిన ప్రొటెస్టంటు ప్రముఖులను, నగరమందలి యా మతస్థులను వేలకొలఁదిగా నఱికిరి. పెండ్లికొడుకు మతము మార్చుకొని ప్రాణము దక్కించుకొనెను. 1576లో తప్పించుకొని పోయి మఱల స్వమతమును గైకొనెను.

1589లో మూఁడవ హెన్రీని కథోలిక సన్న్యాసి యొకఁడు పొడిచి చంపఁగా, ఆ రాజునకు సంతానము లేనందున సింహాసన మితనికి సంక్రమించెను. కాని కథోలిక కూటమివా రంగీకరింపరైరి. 1590లో ముట్టడికి లోనైన పారిసు ప్రజలు ఆఁకట మాడి వేలకొలఁది మడిసిరే గాని తలుపులు తెఱవలేదు. వారు తాము చేయునది రాజద్రోహమని యెన్నఁడును తలంపలేదు. దైవభక్తి యనియే నమ్మిరి.

తుదకు 1593 జూలై 25న సాన్ దెనీ దేవాలయమున హెన్రీ కథోలిక మతమును స్వీకరించెను. మఱుసటి సంవత్సరము మార్చి 22న పారిసు లోఁబడెను. ఇది కేవలము రాజ్యలోభమనువారు కలరు. మేమట్లు తలంపము, ముప్పది యేండ్ల నెత్తురును ఆపుటకు వేఱుదారి యాతనికి కానరాలేదు. చిరమిత్రుఁడగు పండితుఁడు దుప్లెసీ మోర్నే మిక్కిలి ఖేదపడెను, కాని రాజును విడువలేదు. మతము మార్చుకొమ్మని రాజునకు హితవు చెప్పిన సల్లీ ప్రభువు తాను మాత్రము తుదిదాఁక ప్రొటెస్టంటుగనే యుండి, కథోలిక రాజు బొక్కసమును చక్కఁబెట్టెను. మాకు హెన్రీకంటె ఈ మంత్రి నడవడియే యెక్కువ రుచించుచున్నది.

1598 ఏప్రిలులో నాంతు శాసనము వెలువడెను. దానివలన ప్రొటెస్టంటులకు అంతరాత్మ స్వేచ్ఛయు, నియమిత స్థలములలో ఆరాధనయు, సర్వోద్యోగములందు అర్హతయు లభించెను. పారిసు నగరమున మాత్రము వారి బహిరంగారాధన నిషిద్ధము. దీనిని నమోదు చేయుటకు పారిసు న్యాయసభవారు నిరాకరింపఁగా, రాజు వారిని తన మందిరమునకు రప్పించి, మందలించి, బుజ్జగించి, 1599 ఫిబ్రవరిలో ఒప్పించెను. శాసనమున లోపము లేకపోలేదు: ప్రొటెస్టంటుల రక్షణకై కోటలు విడిచిపెట్టుటచే రాజ్యములో రాజ్యము నిలిచినట్లయ్యెను.

1610 మే 14న, జబ్బుపడిన సల్లీని చూడఁబోవుచుండఁగా, ఇఱుకువీధిలో బండి యాగినపుడు రవయ్యాకను మతోన్మాది రాజును పొడిచి చంపెను. శాసనమును హెన్రీ మనుమఁడగు పదునాలుగవ లూయీ 1685లో రద్దుచేసెను. ఇంచుమించు రెండు లక్షల ప్రొటెస్టంటులు, పట్టు నేయువారును గడియారములు చేయువారును వారిలోనివారే, దేశము విడిచి ఇంగ్లండు, హాలెండు మొదలగు దేశములకు తరలిపోయి, అచ్చటి ప్రభుత్వములకు విధేయులైరి.