విశ్రాంతి నెరుగని విద్యార్థి: గిడుగు రామమూర్తి పంతులు

మన పాఠశాలలో ఉపాధ్యాయులు పదవీ విరమణ చేసే రోజున సభ జరపడం, శాలువా కప్పడం, వారి శేషజీవితం ప్రశాంతంగా గడవాలని వక్తలందరూ ఆకాంక్షించడం ఏనాటి నుండో వస్తున్న ఆచారం. అటువంటి సభలలో నేనూ అనేక పర్యాయాలు ఆ మాటే చెప్పాను. నా వంతు వచ్చిననాడు ఆ మాటే విన్నాను. మరునాటి ఉదయం బడి గంట వేళకు ఎక్కడికి పోవాలో తోచక వీధి అరుగు మీద కూర్చున్నప్పుడు నా మనస్సులో మెదిలిన వ్యక్తి గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు. ఆయన కూడా బడిపంతులే. మన ప్రాంతంలోనే, పర్లాకిమిడిలో పనిచేశారు. 1911లో ఉద్యోగం నుండి విరమించారు. ఆయన కొలువు ముప్పై యేళ్ళు. ఆ తరువాత జీవించినది ఇంచుమించు మరొక ముప్పై యేళ్ళు. ఈనాడు లోకం ఆయనను ఏ పనుల వల్ల స్మరిస్తున్నదో ఆ పనులలో అధికభాగం ఈ రెండవ ముప్పై యేళ్ళలో జరిగినవే. ఈ ప్లాటినం జూబిలీ సంచికకు వ్యాసం కోరినప్పుడు నాకు మరొక విషయం తోచలేదు.

పంతులు గారు 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. పన్నెండేళ్ళ ప్రాయంలో పితృవియోగం కలుగగా, విజయనగరంలో మేనమామ గారి ఇంట ఉండి మహారాజా వారి ఇంగ్లీషు పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషన్ ముగించారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన సహాధ్యాయి. పై చదువులకు ఇంటి పరిస్థితి అనుకూలించలేదు. 1880లో పర్లాకిమిడి రాజా వారి పాఠశాలలో ముప్పై రూపాయల జీతం మీద ఒకటవ ఫారానికి చరిత్ర బోధించే ఉపాధ్యాయుడిగా చేరారు. పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ., ఆపైన బి.ఏ. పరీక్షలకు కూర్చుని నెగ్గారు. ఇటువంటి ప్రైవేటు చదువులు ఆ కాలపు ఉపాధ్యాయులలో మరికొందరూ చదివారు గనుక ఇక్కడ ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఏ పరీక్షకూ పనికిరాని చదువుల మాట వేరు. చరిత్ర చెప్పే ఉపాధ్యాయునికి పొరుగున ఉన్న ముఖలింగ దేవాలయపు గోడల మీద ఏమున్నదో తెలియకపోవడం ఆయనకు లోపమనిపించింది. ఆ ప్రాచీన లిపులను చదవడం నేర్పే గురువులు దగ్గరలో లేరు. గ్రంథాలు తెప్పించుకొని, అక్షరం అక్షరం పోల్చుకొంటూ శాసనాలను తానే చదివారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగ ప్రాంతమేనని ఆ శాసనాల ఆధారంతో వ్యాసం వ్రాసి ప్రకటించారు. తరగతి గదిలో చెప్పవలసిన పాఠానికి ఇంత శ్రమ అవసరం లేదు. పై అధికారులు కోరినదీ కాదు.

ఇంకొక చదువు ఇంతకంటే కష్టమైనది. పర్లాకిమిడి చుట్టుప్రక్కల కొండలలో సవరలు నివసిస్తారు. సంత రోజులలో కట్టెలు, కొండ ఫలాలు తెచ్చి అమ్ముకొని పోయే ఆ మనుషులను ఊరివారంతా చూచేవారే గాని వారి మాట నేర్చుకొన్న పండితుడు లేడు. సవర భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతో గాని, ఒడియాతో గాని దానికి బంధుత్వం లేదు. గొంతులో ఊపిరిని చటుక్కున బిగబట్టి పలికే ధ్వనులు అందులో ఉన్నవి. మన చెవికి అవి మొదట వినిపించనే వినిపించవు. నేర్చుకొనడానికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. రెండు భాషలూ వచ్చిన ఒక మనిషిని పంతులు గారు తమ ఇంటనే ఉంచుకొని, అతని నోటి నుండి ఒక్కొక్క మాటా విని వ్రాసుకొన్నారు. నాటి కట్టుబాట్లలో ఒక బ్రాహ్మణ గృహస్థు, పైగా పదిమందికి పాఠం చెప్పే పంతులు, కొండవారి మాట తెలిసిన మనిషిని గురుస్థానంలో కూర్చోబెట్టడమంటే ఊరు ఎట్లా చూచి ఉంటుందో ఊహించుకొనవచ్చును. ఆ పని ఏళ్ళ తరబడి సాగింది. సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని వాచకాలు వ్రాశారు. సొంత సొమ్ముతో బడులు పెట్టి, ఆ బడుల ఉపాధ్యాయుల జీతాలు తామే ఇచ్చుకొన్నారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే దానిని తీసుకొనక, ఆ ధనంతో సవరలకొక మంచి బడి పెట్టమని కోరారు. 1913లో ప్రభుత్వం వారు బిరుదునిచ్చి గౌరవించారు.

కొండలలో తిరిగినందుకు ఆయనకు దక్కిన ప్రతిఫలం మరొకటి ఉన్నది. మన్యపు జ్వరం పట్టుకొన్నది. దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి చెడింది. జీవితమంతా నోటి మాటనే నమ్ముకొన్న మనిషికి చెవుడు వచ్చింది. ఆయన జీవితచరిత్రలో నన్ను అన్నిటికంటె ఆపి నిలబెట్టే ఘట్టం ఇదే. వయస్సు మీరినవారికి వినికిడి తగ్గితే సామాన్యంగా ఏమవుతుందో మనం మన ఇళ్ళలోనే చూస్తున్నాము. పదిమందిలో కూర్చుంటే మాట అందదు, మాటిమాటికీ అడగడానికి మొగమాటం, ఎదుటివారికి విసుగు. క్రమంగా ఆ పెద్ద మనిషి గదిలో ఒంటరి అవుతాడు. పంతులు గారి విషయంలో అట్లా జరగలేదు. చెవిని దెబ్బతీసిన ఆ భాష పనినే ఆయన మరి పాతికేళ్ళు కొనసాగించారు.

విరమణకు నాలుగేళ్ళ ముందు, 1907లో, జె.ఏ. యేట్సు అనే ఆంగ్లేయుడు ఉత్తర జిల్లాల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాలలోని తెలుగుకూ ఇంత దూరం ఎందుకు ఉన్నదన్న సందేహం ఆయనకు కలిగింది. ఆ సందేహం విశాఖపట్నం కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గురజాడ వారికీ, గిడుగు వారికీ చేరింది. వ్యావహారిక భాషోద్యమానికి అది ఆరంభం. అప్పటికి పంతులు గారికి నలభై నాలుగేళ్ళు. తెలుగు ఆయన పుట్టిన భాష. తెలుగు పాఠం చెప్పగల సామర్థ్యమూ ఉన్నది. అయినా ఆ విషయంలో తమకు శాస్త్రజ్ఞానం చాలదని తలచి స్వీట్, యెస్పర్‌సన్ వంటి పాశ్చాత్య భాషాశాస్త్రవేత్తల గ్రంథాలు తెప్పించుకొని చదివారు. మరొక ప్రక్క ప్రాచీన కావ్యాలనూ, వచన గ్రంథాలనూ, వ్యాకరణాలనూ పునాది నుండి తిరిగి చదివారు. ప్రతిపక్షుల శాస్త్రాన్ని వారికంటె నిశితంగా నేర్చుకొనడం ఆయన పద్ధతి. పండితులు తప్పులని కొట్టివేసే రూపాలు పూర్వకవుల ప్రయోగాలలోనే ఉన్నవని చూపే బాలకవి శరణ్యం, గద్య చింతామణి ఆ పఠనం నుండి పుట్టినవే.

వాదం తీవ్రమైంది. జయంతి రామయ్య పంతులు గారు ప్రముఖులుగా, ఆంధ్ర సాహిత్య పరిషత్తు అండగా గ్రాంథికవాదులు నిలిచారు. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని వాడుక భాషలో వ్రాయవచ్చునని ప్రభుత్వం ముందు అనుమతించి, అలజడి రేగగానే ఉపసంహరించుకొన్నది. ఒక మాట దాచకుండా చెప్పాలి. గ్రాంథికం వ్రాస్తున్నామనుకొనే పండితుల రచనలలోని తప్పులను పేరు పెట్టి ఎత్తిచూపడంలో పంతులు గారు కటువుగానే ఉండేవారు. దానివల్ల వాదానికి బలం చేకూరిందో, వైరం పెరిగిందో నేను తేల్చలేను. రెండూ జరిగి ఉంటాయి.

1915 నవంబరులో గురజాడ కన్నుమూశారు. చిన్ననాటి సహాధ్యాయి, ఉద్యమంలో కుడిభుజం పోయారు. యాభై దాటిన మనిషికి అటువంటి స్నేహితుడు మళ్ళీ దొరకడు. పంతులు గారు తమకంటె పెద్దవారి వద్దకూ, తమకంటె చాల చిన్నవారి వద్దకూ నడిచారు. పెద్దవారిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు అగ్రగణ్యులు. గ్రాంథికంలో రచనలు చేసి వచన రచనకు మార్గదర్శకులనిపించుకొన్న ఆయన, డెబ్బదియేళ్ళ వయస్సులో తమ అభిప్రాయాన్ని మార్చుకొని, 1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షత వహించారు. గిడుగు వారు కార్యదర్శి. నేర్చుకొనడంలో ఎవరు ఎవరికి తీసిపోయారు? అయితే మూడు నెలలు తిరిగేసరికి, మే 27న, వీరేశలింగం గారు కూడా వెళ్ళిపోయారు. పంతులు గారు నడిపిన ‘తెలుగు’ మాసపత్రిక ఒక్క సంవత్సరంతోనే ఆగిపోయింది.

ఇక చిన్నవారి సంగతి. ఊరూరా సభలకు తిరగడం ఆయన వ్రతమయింది. 1925లో తణుకులో జరిగిన సభలో నాలుగు గంటలసేపు మాట్లాడి, గ్రంథాలలోని ప్రయోగాలను ఎత్తి చూపుతూ పండితుల ఎదుటనే తమ వాదాన్ని సమర్థించుకొన్నారు. అప్పటికి అరవై దాటినవి. ఆయన చుట్టూ చేరినవారు కొడుకుల వయస్సువారు, శిష్యులు, కొత్త కవులు, పత్రికల వారు. పర్లాకిమిడిలో ఆయన వద్ద చదువుకొన్న తాపీ ధర్మారావు గారు 1937లో జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపారు. ఒక ఉపాధ్యాయుడు డెబ్బది నాలుగేళ్ళ వయస్సులో తన శిష్యుని పత్రిక తెరిచి అందులో తన పాఠం చూచుకొనడం ఎంతటి భాగ్యమో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

ఇంత కోలాహలం మధ్య సవర పని ఆగలేదు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణగా వెలువడింది. అప్పటికి ఆయనకు అరవై యెనిమిది. ఇంగ్లీషు–సవర నిఘంటువు 1933లో వచ్చింది. ఆ యేడే రాజమహేంద్రవరంలో సప్తతి మహోత్సవం చేసి, మిత్రులూ శిష్యులూ పరిశోధన వ్యాసాల సంపుటిని అంకితమిచ్చారు. కైజర్-ఇ-హింద్ పతకం కూడా లభించింది. ఈ కృషిలో కుమారులు గిడుగు వేంకట సీతాపతి గారు తండ్రికి తోడుగా నిలిచి, తరువాత తామూ సవర భాషాపండితులుగా ప్రసిద్ధులైనారు. తండ్రి చెవి దెబ్బతిన్న ఇంట్లో కొడుకు అదే భాష నేర్చుకొనడం నాకు యాదృచ్ఛికంగా తోచదు.

ఇక మన ప్రాంతం వారు సులువుగా చెప్పుకొనలేని ఘట్టానికి వస్తున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరింది. ఆ రాష్ట్ర నిర్మాణానికి ముఖ్యంగా పాటుపడినవారిలో పర్లాకిమిడి రాజా వారు ఒకరు. పంతులు గారు కొలువు చేసినది ఆ సంస్థానపు విద్యాలయంలోనే. అయినా తెలుగువారు అధికంగా ఉన్న పర్లాకిమిడిని ఒడిశాలో కలపడాన్ని ఆయన వ్యతిరేకించారు. ఆ వ్యతిరేకత ఫలించలేదు. రాష్ట్ర ప్రారంభోత్సవం నాటి ఉదయమే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఏభై ఆరేళ్ళు నివసించిన ఊరు అది. తాము పాఠం చెప్పిన బడీ, సవరలు దిగివచ్చే కొండదారీ అక్కడే మిగిలినవి. ఆయనకప్పుడు డెబ్బది రెండేళ్ళు.

మా తాతగారి తరం వెళ్ళలేదు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాలలో తెలుగువారు ఇల్లూ వాకిలీ, పొరుగూ వ్యాపారమూ పెనవేసుకొనిపోయి ఉండిపోయారు. ఒడియా నేర్చుకొన్నారు, ఒడియా ఇరుగుపొరుగుతో సుఖదుఃఖాలు పంచుకొన్నారు, పిల్లలకు తెలుగు చెప్పించడానికి మనవంటి పాఠశాలలను నిలబెట్టుకొన్నారు. పంతులు గారి నిర్ణయాన్ని తప్పు పట్టే అర్హత నాకు లేదు. మా పెద్దలదీ తప్పు కాదు. వెళ్ళినవారూ ఉండినవారూ ఒకే భాష కోసమే చెరొక కష్టం ఎన్నుకొన్నారని మాత్రం చెప్పగలను. చిత్రమేమంటే, ఆ 1936లోనే కొండలలో మంగేయి గొమాంగో అనే సవర వ్యక్తి తన భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించారు. పంతులు గారు దశాబ్దాలుగా వినిపించుకొన్న ఆ జాతి తన అక్షరాలను తానే దిద్దుకొన్నది.

ఊరు మారినా పని మారలేదు. కొండలకు దూరమై, సవర మాట వీధిలో వినిపించని గోదావరి ఒడ్డున ఉండగా, 1938లో ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఆ సంవత్సరమే ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు నిచ్చింది. సవర భాషను పరిశీలించే పండితులు ఆ తరువాత ఎందరో వచ్చారు. వారందరూ మొదట తెరవవలసి వచ్చినది ఆయన గ్రంథాలనే.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులతో సమావేశమై, పత్రికలు జనం మాటలోనే వ్రాయవలసిందని చివరిసారి విన్నవించుకొన్నారు. వారం తిరిగేసరికి, ఆ నెల 22న, పరమపదించారు. మన పాఠశాల పుట్టేనాటికి ఆయన గతించి దాదాపు పదేళ్ళయింది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజున మన పిల్లల చేత పద్యాలు చెప్పిస్తాము, వ్యాసాలు వ్రాయిస్తాము. ఈ మధ్య ఒక ఏడాది ఆ సభ అయిపోయాక, మా వీధిలో కూరగాయలు అమ్మే సవర అవ్వను ఆమె భాషలో నీళ్ళను ఏమంటారని అడిగాను. ఆమె చెప్పింది. నాకు సరిగా వినిపించలేదు. మళ్ళీ అడిగాను.